మూడో రంగంలో మోటారు

నాటిక పేరు ‘మావాడి డిమాండ్లు’.
రాసింది నేనే. అంబాజీపేట మార్కెట్లో
పగలంతా కాయలు లెక్కెట్టి
రాత్రిళ్ళు ఆ చిట్టాల వెనకే రాశాను.
ఒక వైపు తండ్రి తిట్టు,
తిప్పితే కురిడీ ధర.

కథ ఏముందండీ, ఇంటరు తప్పిన కుర్రోడు
ఫ్రిజ్జు మీద డిమాండ్లు అంటిస్తాడు,
నిరాహార దీక్షని నల్లబ్యాడ్జీ పెట్టుకుని
పెసరట్టు తింటాడు,
చివర్లో బుద్ధొచ్చి కాళ్ళ మీద పడతాడు.
పరిషత్తు వాళ్ళకి అలా పడితేనే ఇష్టం.

కుర్రోడి వేషానికి కుర్రోళ్ళు దొరకలేదు.
ట్యూషన్లు, ఫోన్లు, సిగ్గు.
ఆఖరికి యాళ్ళ సత్తిపండు ఒప్పుకున్నాడు.
నలభై మూడేళ్ళు, జెరాక్సు షాపు,
బొజ్జని బతిమాలి టీషర్టులోకి ఎక్కించాం.
మీసం తీసిన రోజు వాళ్ళావిడ
గుమ్మంలోనే ఆపి ‘ఎవరు కావాలండీ’ అందంట.

తల్లి వేషానికి కాకినాడ నుంచి అరుంధతిగారు.
ఈ నెల్లో ఆవిడ నలుగురు కొడుకులకి అమ్మ,
ఎవడి కోసం ఎంత ఏడవాలో
బస్సులో చూసుకుంటారు.
తండ్రిని నేనే.

డొక్కల షెడ్డులో రిహార్సలు,
పీచు దుమ్ముకి డైలాగుకో తుమ్ము.
మాట అందించడానికి మా తన్మయిని కూర్చోబెట్టాను.
పదహారేళ్ళు. ఇంట్లో ఆర్నెల్లుగా దాని మాటలు మూడే:
‘ఊఁ’, ‘తెలుసు’, ‘తలుపేసి వెళ్ళు’.
ఇక్కడైతే జీతం, రాత్రికి యాభై.

మొదటి రోజే ఎర్ర పెన్ను తీసింది.
‘జనకా ఏంటి జనకా? ఎవడంటాడు?’
కొట్టేసింది.
‘నా స్వేచ్ఛని హరించకండి... ఇది మీ యూనియను కరపత్రం.’
కొట్టేసింది.
‘మరేమంటారే?’
‘ఏమీ అనరు. భుజం ఇలా అంటారు.’
సత్తిపండు ఎగరేశాడు,
కావిడి మార్చుకున్నట్టు వచ్చింది.
మూడు రాత్రులు కూర్చుని నేర్పించింది.
రోజూ నా మీద ఎగిరే భుజమే అది,
పక్కనించి చూడ్డం అప్పుడే.
నవ్వొచ్చింది, తుమ్ములో కలిపేశాను.

ఆఖరి పేజీ దగ్గర మాత్రం పెన్ను మూసేసింది.
‘వాడెందుకు కాళ్ళ మీద పడాలి, ఏం చేశాడని?’
‘నాటికే కదమ్మా.’
‘తెలుసు.’

ప్రదర్శన నాడు సాయంత్రం జల్లు కొట్టి వెలిసింది.
జడ్జీలు పకోడీ పొట్లం విప్పిన చప్పుడు
మైకులోకి వచ్చింది.
భుజానికి మొదటి నవ్వు, పెసరట్టుకి ఈల.
మూడో రంగంలో సత్తిపండు
నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.
‘క్షమించు నాన్నా’ అనాలి, పడాలి.
నోరు తెరిచాడు. ఖాళీ.
పదకొండు రాత్రులూ ఆ మాట దగ్గర వాడికి ఖాళీయే.
చెవి వింగు వైపు పెట్టాడు.
వింగులో తన్మయి, ఒళ్ళో చిట్టాలు,
పెదాలు బిగించి
వాణ్ణి కాదు, నన్ను చూస్తోంది.

హాలంతా సద్దుమణిగింది.
రేకుల మీద ధారగా నీళ్ళ చప్పుడు,
వాన ఎప్పుడో వెలిసింది కదా అనుకున్నాను,
మండపం ట్యాంకు పొంగుతోంది.
నా నోటికి రోజూ వచ్చేదే వచ్చింది:
‘ఒరే, ఎల్లి మోటారు కట్టేసి రా.’

సత్తిపండు, పాపం, నిజంగానే వెళ్ళాడు.
స్టేజీ దిగి, జనంలోంచి, చెప్పుల్లేకుండా.
కాసేపటికి నీళ్ళ చప్పుడు ఆగింది.
అప్పుడు నవ్వారు చూడండీ!
ఆ నవ్వులోనే తెర దించేశాం.
అరుంధతిగారు ఏడుపుకని పీల్చిన ఊపిరి
లోపలే ఉండిపోయింది.

బహుమతి రాలేదు.
‘ముగింపులో సందేశం లోపించినది’ అని రాశారు.

ఒంటిగంటకి బండి మీద కాలవ గట్టున వస్తున్నాం.
‘ఆ లైను నువ్వు ముందే రాసుండాల్సింది’
అంది వెనకనించి.
ఆర్నెల్లలో అంత పొడుగు మాట.
దానికేమనాలో ఎవరూ అందించలేదు.
భుజం ఎగరేశాను.
బండి ఊగింది.
‘ముందు చూడు నాన్నా’ అని,
కాస్త ఆగి,
పదకొండు రాత్రులకి ఐదొందల యాభై
బాకీ గుర్తుచేసింది.